కుగా గారి ఓటు

చిజురుకి అన్నిటికంటే భయం ఒక్కటే. ఏదో ఒక రాత్రి తను నిద్రలోనే పోతే తలుపుకి లోపల గొలుసు వేసి ఉంటుంది, పక్కలో రెండేళ్ళ పిల్ల ఉంటుంది, ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. పిల్ల తల్లిని లేపుతుంది. లేవకపోతే కాసేపు ఆడుకుంటుంది. ఆకలేసి మళ్ళీ లేపుతుంది. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి చిజురు దాన్ని బలవంతంగా ఆపేస్తుంది. ఇరవై ఏళ్ళ మనిషికి రావలసిన భయం కాదని ఆమెకూ తెలుసు. అయినా రొట్టె కోస్తుంటే వస్తుంది, కప్పులు తుడుస్తుంటే వస్తుంది.

ఆ ఆదివారం కూడా రొట్టె కోస్తోంది. కామోమె కాఫీ కొట్టులో రొట్టె ముక్క బొటనవేలంత మందం ఉండాలి. అంతకంటే సన్నగా కోస్తే మాస్టర్ ఏమీ అనడు, ఆ ముక్క తీసి తనే తినేస్తాడు. యజమానిని అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. డెబ్బై దాటిన మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది, కాఫీ కాచే గాజు బుడ్డీలో నీళ్ళు ఎప్పుడు పైకెగస్తాయా అని నలభై ఏళ్ళుగా చూసి చూసి అలా వంగిపోయింది. ఆదివారం పిల్లల బడి ఉండదు కాబట్టి చిజురు కూతురు వకానా వెనక గదిలో కాఫీ గింజల బస్తాల పక్కన దుప్పటి మీద పడుకుని ఉంది. చిజురు మధ్యమధ్యలో చేతులు తుడుచుకుని వెళ్ళి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తోంది. ఊపిరి తగలగానే మళ్ళీ కత్తి అందుకుంటోంది.

ఆమె ఉత్తరాన అకితాలో పదకొండో తరగతి మధ్యలో బడి మానేసింది. పొట్ట కనబడడం మొదలయ్యాక యూనిఫారం సరిపోలేదు. పిల్ల తండ్రి ముందు ఇల్లు మారాడు, తర్వాత ఫోను నంబరు మార్చాడు. తల్లి కొత్త సంవత్సరానికి ఒకసారి ఫోను చేసి జలుబు చేయకుండా చూసుకో అంటుంది. టోక్యోలో పడమటి వైపు ఈ పేటకి ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే అద్దె తక్కువ అని చెబుతుంది. ఇక్కడ సందుసందుకీ యానిమే బొమ్మల సినిమాలు తీసే స్టూడియో ఉందన్న సంగతి వచ్చిన ఏడాదికి గాని ఆమెకు తెలియలేదు.

గోడ మీద కాఫీ టికెట్లు వరసగా వేలాడుతున్నాయి. పది కప్పుల డబ్బు ముందే ఇచ్చినవాళ్ళకి పదకొండు టికెట్లు. మాస్టర్ పైన పేరు రాసి గోడకి గుచ్చుతాడు, మనిషి వచ్చి కూర్చోగానే చిజురు ఒకటి చింపుతుంది. ఆ గోడని చూస్తే ఎవరు తరచుగా వస్తున్నారో, ఎవరు రావడం మానేశారో తెలిసిపోతుంది.

మధ్యాహ్నానికి కిటికీ పక్క పెద్ద బల్ల నిండింది. డిసెంబరులో రెండో ఆదివారం వాళ్ళ ఓట్ల రోజు. ప్రతి మనిషీ తనకి ఇష్టమైన యానిమే దర్శకులు పదిమంది పేర్లు చెప్పాలి, అన్నీ కలిపి ఆ ఏటి పదిమందిని తేల్చాలి. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరైన ఒనోదెరా ఆ బల్లకి పెద్దమనిషి. కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసే మయుజుమి ఆయనకి ఎదురు. ఆవిడ మాట కూడా కొరికినట్టే ఉంటుంది. మిగతా నలుగురు ఎవరు గెలుస్తుంటే వాళ్ళ వైపు.

"ఈసారి కూడా కురోయివాయే మొదటివాడంటే నేను లేచిపోతానండీ," అంది మయుజుమి. "ఆయన సినిమా అంటే సగం పేలుళ్ళు, సగం పొగ."

"ఆ పొగ సరిగ్గా చూశావా తల్లీ ఎప్పుడైనా? ఆ పొగకే నా ఓటు."

"ముప్పై ఏళ్ళుగా ఆ పొగలోనే ఉన్నారు, కాస్త బయటికొచ్చి గాలి పీల్చండి."

బల్ల అంతా నవ్వింది. ఒనోదెరా కూడా నవ్వి, తన కాఫీలో రెండో చెంచా పంచదార వేసుకున్నాడు. డాక్టరు వద్దన్నాడని పోయిన వారమే చెప్పాడు.

"ఇష్టమైనవాడు వేరు, గొప్పవాడు వేరండీ," అన్నాడు నలుగురిలో ఒకడు. "మనం దేనికి ఓటేస్తున్నాం?"

"ప్రతి ఏడూ ఈ ప్రశ్న అడుగుతావ్, ప్రతి ఏడూ టోస్టు రాగానే మర్చిపోతావ్," అంది మయుజుమి. తర్వాత ఫోను తీసి చూపించింది. "ఇదిగో, నెట్‌లో లక్షమంది వేసిన ఓట్లు. మన సెగవా మొదటి యాభైలో కూడా లేడు."

"లక్షమందికి రుచి తెలిస్తే ఈ కొట్టు ముందు లైను ఉండేది," అన్నాడు మాస్టర్ బుడ్డీ మీంచి కన్ను తీయకుండా.

సెగవా పేరు రాగానే అందరూ గోడ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశారు. అది కుగా గారిది. బస్సు డిపోలో బస్సులు కడిగే పని చేసి మానేసిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటారు, కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతాయి. ఎక్కువ మాట్లాడరు. కాఫీతో వచ్చే బిస్కెట్‌ని కాగితం విప్పకుండా పక్కన పెడతారు. వకానా నిద్రలేచి రాగానే ఇస్తారు. పిల్ల ఆయన్ని బిస్కెట్ తాత అంటుంది. సెగవా తీసిన సినిమాలు మూడే. మూడింటిలోనూ పెద్దగా ఏమీ జరగదట. ఒక దాంట్లో ఒక ముసలావిడ రాని మనిషి కోసం టీ పోసి కూర్చుంటుంది, టీ మీద ఆవిరి తగ్గిపోయేదాకా సినిమా కదలదు. కుగా గారి మొదటి ఓటు ఎప్పుడూ సెగవాకే. ఎందుకని అడిగితే, "ఆవిరి బాగుంటుంది," అంటారు. అంతే.

పోయిన నెల ఒనోదెరా ఊరుకోలేక, ఈ ఏడు సెగవా పదిమందిలోంచి పోతాడు చూడు అన్నాడు. కుగా గారు కప్పు కింద పెట్టి, "ఆయన పోతే గోడ మీంచి నా టికెట్లు కూడా తీసేయండి," అన్నారు. ఆయన నోట అంత పెద్ద మాట అంతకుముందు ఎవరూ వినలేదు.

"అలిగాడు," అన్నాడు ఒనోదెరా ఇప్పుడు. "ఓడిపోతాడని తెలిసి రాలేదు. చిజురూ, ఆయన టికెట్టు ఒకటి చింపు. కాఫీ పోయించి కుర్చీ ముందు పెట్టు."

అది వాళ్ళ పద్ధతే. రానివాడి పేరు మీద టికెట్టు చింపి కాఫీ పెడితే, పోయిన ఏడు వాడు చెప్పిన పది పేర్లే మళ్ళీ లెక్కకి వస్తాయి. చిజురు చింపింది. గోడ మీద కుగా గారి పేరు కింద ఇంక ఒక్కటే మిగిలింది. మాస్టర్ పోసిన కాఫీ తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది, బిస్కెట్ కూడా పెట్టింది.

లెక్క తేలేసరికి గొడవ మొదలైంది. కుగా గారి ఓటు కలిపితే సెగవా పదో స్థానం. కలపకపోతే పదకొండు.

"అలిగినవాడి ఓటు చెల్లదు," అన్నాడు ఒకడు.

"కాఫీ పోశాక చెల్లకపోవడమేంటి?" అంది మయుజుమి. "కావాలంటే ఫోను చేసి అడగండి."

ఎవరూ ఫోను తీయలేదు. ఆయన నంబరు ఎవరి దగ్గరా లేదు. పదకొండేళ్ళుగా ఒకే బల్ల. ఎవరికి ఏ దర్శకుడంటే ప్రాణమో, ఎవరికి ఎవరంటే ఒళ్ళు మంటో నిద్రలో లేపినా చెబుతారు. ఆయన ఇల్లెక్కడో తెలియదు.

చిజురు పళ్ళెం పట్టుకుని నిలబడే ఉంది. ఆమెకు తెలుసు. మూతబడిన టోఫు కొట్టు మీద, పై అంతస్తులో చివరి గది. రోజూ ఆ దారినే ఇంటికి వెళుతుంది, ఆయన ఆ మెట్లెక్కడం చూసింది. శుక్రవారం రాత్రి ఆ గదిలో లైటు వెలుగుతోంది. శనివారం పొద్దున వస్తుంటే కూడా వెలుగుతోంది. ఇవాళ ఎండ పడుతున్నా వెలుగుతోంది. చూసింది. చూసి, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వేగంగా నడిచింది. తను రోజూ భయపడే గది అదే అయితే ఆ తలుపు ముందు నిలబడే ధైర్యం ఆమెకు లేదు. పైగా కాఫీ అందించే మనిషి వచ్చినవాళ్ళ ఇళ్ళ సంగతులు మాట్లాడకూడదు.

కుర్చీ ముందు కాఫీ మీద ఆవిరి ఆగిపోయింది.

"కుగా గారి గదిలో లైటు ఆరలేదండీ," అంది. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది. "మొన్నటినుంచీ. పగలు కూడా."

"మర్చిపోయుంటాడులే," అన్నాడు ఒనోదెరా. అంటూనే కోటు తీసుకున్నాడు.

మాస్టర్ పిల్లని చూస్తానన్నాడు. చిజురు, ఒనోదెరా, మయుజుమి బయల్దేరారు. చిజురు ఎప్రను విప్పడం మర్చిపోయింది. మెట్లెక్కుతుంటే ఒనోదెరా ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. "తలుపు తీయనీ, పదో స్థానం ఇచ్చాం, ఇంక దిగిరా మహానుభావా అంటాను. తిడతాడు. తిట్టనీ."

తలుపు అవతల చిన్న పాట వినబడుతోంది. పియానో మీద నాలుగు మెట్లు ఎక్కి దిగినట్టుగా ఉంది. ఆగింది. మళ్ళీ మొదటినుంచీ వచ్చింది.

"హమ్మయ్య, ఉన్నాడు," అంది మయుజుమి. "సినిమా చూస్తున్నాడు."

ఒనోదెరా బెల్లు మీద పెట్టిన వేలు తీసేశాడు. పాట ఆగింది, మళ్ళీ మొదలైంది.

"ఇది సినిమాలో పాట కాదమ్మా. డిస్కు పెట్టగానే వచ్చే ముక్క. సెగవా రెండో సినిమా. మనం బొత్తాం నొక్కేదాకా ఇదే తిరుగుతుంటుంది." కొంచెం ఆగి అన్నాడు, "ఎవరూ నొక్కలేదు."

ఇంటివాళ్ళావిడ తాళం తెచ్చింది. తలుపు నాలుగు వేళ్ళంత తెరుచుకుని లోపలి గొలుసు దగ్గర ఆగిపోయింది. వీధి చివర చౌకీ నుంచి వచ్చిన పోలీసు దాన్ని కత్తిరించాడు. గొలుసు తెగిన చప్పుడు చిజురు అనుకున్నంత పెద్దగా లేదు. కుగా గారు అడుగున హీటరుండే పొట్టి బల్ల దగ్గర దుప్పటి నడుం దాకా కప్పుకుని ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. టీవీ వెలుగు ఆయన కళ్ళద్దాల మీద పడుతోంది. రిమోటు చేతికి అందేంత దూరంలోనే ఉంది. శుక్రవారమే పోయి ఉంటారని, గుండె అని తర్వాత చెప్పారు. ఒనోదెరా చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, పోలీసు వద్దంటున్నా వినకుండా ఆ బొత్తాం నొక్కాడు. పాట ఆగింది. తర్వాత మెట్ల మీద కూర్చుని చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

చీకటి పడ్డాక కొట్టుకి తిరిగొచ్చారు. చల్లారిన కాఫీ అక్కడే ఉంది. వకానా బస్తాల గదిలోంచి వచ్చి ఖాళీ కుర్చీని చూసి, "బిస్కెట్ తాత?" అని అడిగింది. చిజురు ఆ బిస్కెట్ కాగితం విప్పి పిల్ల చేతిలో పెట్టింది. ఒనోదెరా, "సెగవా పది," అన్నాడు. మయుజుమి కాగితం మీద రాసింది.

లేవబోతూ ఆయన మాస్టర్‌ని ఒక కొత్త టికెట్ల కట్ట అడిగాడు. పైన చిజురు పేరు రాయించాడు.

"నాకెందుకండీ, నేను ఇక్కడే పనిచేస్తాను కదా."

"ఇల్లు ఎక్కడో చెప్పు ముందు. నంబరు కూడా చెప్పు. ఇంకనుంచి గోడ మీద పేరున్న మనిషి రాకపోతే ముందు తలుపు కొట్టడం, తర్వాతే ఓట్లు. వచ్చే ఏడు నువ్వూ పది పేర్లు చెప్పాలి."

"పది సినిమాలు కూడా చూడలేదండీ."

"చూసినవే చెప్పు," అంది మయుజుమి. "మేం కొట్టుకోవడానికి ఎంతో కొంత సరిపోతుంది."

ఆ రాత్రి నుంచి చిజురు తలుపుకి గొలుసు వేయడం మానేసింది. తాళం మాత్రం వేసుకుంటుంది. రెండో తాళంచెవి మాస్టర్ పంచదార డబ్బా వెనక ఉంటుంది.

మీరెప్పుడైనా ఆ వైపు వెళితే కామోమెలో ఒక కాఫీ తాగండి. పొద్దున పది దాటినా రొట్టె కోసే అమ్మాయి కనబడకపోతే, సెలవులెమ్మని ఊరుకోకండి. మాస్టర్‌కి ఈ మధ్య చెవులు సరిగ్గా వినబడడం లేదు. టోఫు కొట్టు దాటి మూడో ఇల్లు, కింది అంతస్తు. ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. డబ్బా వెనక తాళంచెవి తీసుకునేటప్పుడు గోడ మీద ఆమె పేరు పక్కనే కుగా గారి పేరు కనబడుతుంది, దాని కింద అంచులు పసుపెక్కిన ఒకే ఒక్క టికెట్టు.