అక్క పై దవడ, తమ్ముడి కింది దవడ

పొద్దున్నే చీపురు పట్టి నిన్నటి ప్లాస్టరు పొడి ఊడ్చుకోవడం, బల్ల తుడుచుకోవడం, ఆ తర్వాత దవడల అచ్చులు ముందేసుకుని కూర్చోవడం. ఇదీ అక్క దినచర్య. కట్టుడు పళ్ళు చేసే ఆ షాపులో ఉన్నది ఇద్దరే. ఒకరు ఈవిడ, ఇంకొకరు ఓనరు. ఓనరు జుట్టులో, కనుబొమల్లో ఎప్పుడూ తెల్లపొడి ఉంటుంది కాబట్టి సున్నం మాస్టారు అనే పేరు స్థిరపడిపోయింది. షాపుకొచ్చే ప్రతివాళ్ళూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. అలా పిలవాల్సిన అసలు మనిషి మాత్రం మూడేళ్ళ కిందటే పిలవడం మానేశాడు.

వాళ్ళమ్మ పోయిన రోజు అక్క కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. తమ్ముడు ఊరుకోలేక, "రాయివక్కా నువ్వు! ఉత్త రాయివి!" అని పదిమందిలో అరిచేశాడు. ఆమె ఇంకో కుర్చీ వేసింది. అప్పట్నుంచీ అలాగే ఉంది. తింటుంది, రుచి తెలీదు. ఎవరైనా జోకేస్తే నవ్వుతుంది, లోపల ఏమీ కదలదు. తమ్ముడిది బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల పేర్లు చదివే ఉద్యోగం. ఆమె రోజూ ఎక్కేది అక్కడే. వాడి గొంతు వింటుంది, బస్సు ఎక్కుతుంది, వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి షాపులో అచ్చులు మాట్లాడతాయి. అన్నీ కాదు, పైదీ కిందిదీ కలిపి చట్రంలో బిగించినవే. విడి దవడ ఏం మాట్లాడుతుంది పాపం! పై దవడ పుర్రెకి అతుక్కుని, కంటికి నేలగా, ముక్కుకి గోడగా కదలకుండా కూర్చుంటుంది. కింది దవడ చెవుల ముందు రెండు కీళ్ళకి వేలాడుతూ చాకిరీ అంతా చేస్తుంది. రెండూ కలిస్తేనే నోరు. ఆ నోళ్ళు ఎవరి గోల వాళ్ళది చెప్పుకుంటాయి. ఒకాయన మోకాళ్ళ నొప్పులు, ఒకావిడ పక్కింటివాళ్ళ టీవీ. మరీ వాగే నోటికి మాస్టారు రబ్బరుబ్యాండు వేసి, తన క్యారేజీ విప్పుకుంటారు.

ఒకరోజు పెద్దాసుపత్రి నుంచి ఒక రోగి దవడల అచ్చులొచ్చాయి. కింది దాని మీద, గడ్డం పక్కన ఎర్ర పెన్సిలు గీతలున్నాయి. గడ్డ లేచిన ఆ ముక్క కోసేస్తారు, అక్కడ పెట్టే లోహపు పట్టీకి కొలత షాపువాళ్ళు చూడాలి. చీటీ మీద నంబరే తప్ప పేరు లేదు. అక్క తన సొంత పై దవడ అచ్చుని, పని నేర్చుకునేటప్పుడు తీసుకున్నదాన్ని, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకుంటుంది. మనసు ఎక్కడో ఉన్న మనిషి కదా, రోగి పై దవడకి బదులు దాన్నే చట్రంలో బిగించేసింది. ఒకరి పళ్ళు ఇంకొకరి పళ్ళ మీద కూర్చోవు. ఇవి మాత్రం టక్కున కూర్చున్నాయి.

భోజనాల వేళ ఆ నోరు తెరుచుకుంది.

"ఏమే పెద్దదానా, ఇవాళ కూడా తల దువ్వుకోలేదా?"

మాస్టారు ముద్ద చేతిలోనే ఉంచుకుని అడిగారు. "మీ అమ్మగారి గొంతులా ఉందే?"

"అవునండీ."

"పై దవడ నీది. కిందది ఎవరిది మరి?"

అక్క ఒంగి చూసింది. ముందు పన్ను కొస విరిగి ఉంది. మెట్ల మీంచి పడి ఏడుస్తుంటే ఆమె ఎత్తుకుని తీసుకెళ్ళిన తమ్ముడి పన్ను అది. ఆ గడ్డం అమ్మ గడ్డం. భయం వేయాలి కదా అనుకుంది. వేయలేదు.

ఇంతలో ఆసుపత్రి డాక్టరమ్మ ఫోను. "ఆ పట్టీ పని ఆపేయండి మాస్టారూ. ఆయన ఆపరేషనుకి రానంటున్నాడు. మా అమ్మ గడ్డం, కోయనివ్వను అంటాడు. ఇలాగే వదిలేస్తే మనిషే దక్కడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

మర్నాడు మధ్యాహ్నం అక్క చట్రాన్ని టిఫిన్ సంచీలో పెట్టుకుని బస్టాండుకి వెళ్ళింది. మైకు గదిలో తమ్ముడు ఒక పక్క దవడ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎందుకొచ్చావ్?"

ఆమె చట్రాన్ని తీసి వాడి ముందు పెట్టింది.

"ఏరా చిన్నోడా, మొండికేశావట?" అంది అమ్మ.

వాడి మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నీ గడ్డం కోసేస్తారటమ్మా. నీ గుర్తుగా నాకు మిగిలిందే అది."

"నా గడ్డం నేను నిండా వాడేసుకునే పోయాన్రా. ఇంకా దాచుకోవడానికి అదేమైనా పట్టుచీరా? నువ్వు బతకాలి. నోర్మూసుకుని వెళ్ళి కోయించుకో!"

వాడు మైకు కట్టేయడం మరిచిపోయాడు. బస్టాండంతా ఆ చీవాట్లు వినబడ్డాయి. కిటికీ దగ్గరకో కండక్టరు వచ్చి, "అమ్మగారు అంత చెప్తుంటే వెళ్ళవేంటయ్యా? అలాగే మా బస్సు కూడా ఓసారి పిలువు," అన్నాడు. తమ్ముడు ముక్కు తుడుచుకుని బస్సు పిలిచాడు. తర్వాత అక్క వెనకే నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు.

గడ్డ పోయింది, మనిషి దక్కాడు. వాడి కాలి నుంచే ఎముక ముక్క తీసి పట్టీతో దవడకి అతికారు. షాపులో ఆ చట్రం మళ్ళీ నోరు తెరవలేదు. మాస్టారు దాన్ని తుడిచి పై అరలో పెట్టారు.

కుట్లు మానాక అక్క వాడికి చెంచాతో జావ పట్టింది. సగం పెదవి మీంచి కారి మెడ దాకా పోయింది. వాడికి తెలియలేదు. ఆమె తుండుతో తుడిచింది.

"కారిందా?" అన్నాడు ముద్దముద్దగా.

"కారింది."

"ఈ పక్కంతా ఏమీ తెలియట్లేదక్కా. గిల్లినా తెలియట్లేదు."

"కింది పెదవి నరం ఆ ఎముక లోపల్నుంచే వస్తుందిరా. ఎముకతో పాటు అదీ పోయింది."

వాడు చాలాసేపు వేలితో పెదవిని తడుముకున్నాడు. "నా పెదవేనని తెలుసు. నాది కానట్టుంది." ఆమెకేసి చూశాడు. "అక్కా, అమ్మ పోయిన రోజు... నీకు ఇలాగే ఉందా?"

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది. "ఇలాగే ఉందిరా. ఇప్పటికీ ఇలాగే ఉంది."

వాడు ఆమె చేతిలోంచి తుండు తీసుకుని ఆమె చెంప తుడిచాడు. చెంప తడిసిందని అక్కకి అప్పటిదాకా తెలియలేదు.