గెంతే మిషను

ఆ కొట్లో ఉన్నవి కొత్త వస్తువులు కావు, అలాగని పాతవీ కావు. ఎవరో కొని, డబ్బా విప్పి, నచ్చకో నప్పకో వెనక్కి పంపేసినవి. ఒక ఫ్రిజ్జు తలుపుకి సొట్ట. ఒక ఓవెన్‌కి లోపలి పళ్లెం లేదు. ప్రతిదానికీ ఒక పచ్చ చీటీ, దాని మీద కొట్టేసిన ధర, కింద సగం ధర, ఇంకా కింద ఎర్ర అక్షరాలు: తిరిగి తీసుకోబడదు.

పాపని చంకనేసుకుని ఆ ఎర్ర అక్షరాలు ఆమె నాలుగోసారి చదువుకుంది.

"చదివింది చాల్లే, పరీక్షేం పెట్టరు," అన్నాడు మొగుడు. సిటీ బస్సులో కండక్టరు. ఎక్కడున్నా జనాన్ని ముందుకు జరిపే అలవాటు పోదు. "ఎక్కితే ఎక్కు, లేకపోతే దిగు. మధ్యలో నిలబడితే ఎలా?"

"మీకేం, ఎన్నైనా చెబుతారు. వెనక్కొచ్చిన సరుకు, రేపు షాకు కొడితే? ఇంట్లో పాకేది మీరా, పాపా?"

బట్టలుతికే మిషను లేకపోతే ఇక రోజు గడవదు. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆమె కుడి మణికట్టు మాట వినడం మానేసింది. దుప్పటి పిండితే మోచేతి దాకా మంట. డాక్టరమ్మ కట్టు కట్టి, బట్టలు పిండొద్దంది. మరెవరు పిండాలో చెప్పలేదు. సెలవు రోజున మొగుడు పిండేవాడు గానీ, ఆయన పిండిన బట్టలు తీగ మీద నుంచి సాయంత్రం దాకా వాన కురిపించేవి.

వాళ్ల దగ్గరున్న డబ్బుకి అందేది మూలనున్న ఆ ఒక్క మిషనే.

కొట్టాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ముందే చూపిస్తా చెల్లెమ్మా, తర్వాత నన్ను తిట్టుకోకూడదు," అని మిషను ఆన్ చేశాడు. మొదట మెల్లగా తిరిగింది. వేగం అందుకోగానే దబదబా కొట్టుకుంటూ, నేల అదిరిపోయేలా గెంతుతూ, జానెడు ముందుకొచ్చేసింది. పాప బిక్కమొహం వేసి అమ్మ జాకెట్టు పట్టుకుంది. కొట్టాయన గబుక్కున స్విచ్చి కట్టేశాడు.

"ఇదీ దీని బాగోతం. అందుకే పంపేశారు. నేను అమ్మడమే గానీ విప్పడం ఎరగను. ఇదివరకు ఫ్రిజ్జులూ ఫ్యాన్లే పెట్టేవాణ్ని."

ఆమె అదేమీ వినలేదు. ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయింది. ఎక్కడో విన్న చప్పుడు.

నాన్న రేకుల షెడ్డు. మోటార్లు బాగుచేసే చోటు. వార్నిషు వాసన, గ్రీజు మరకల గోనెపట్టా, దాని మీద బాసింపట్టు వేసుకుని నాన్న. చూపు మందగించి సన్న తీగలు కంటికి ఆనక, ఎనిమిదో తరగతి మధ్యలో ఆమెని బడి మాన్పించాడు. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా, "నీ కళ్లు నేను వాడేసుకుంటున్నానే," అని తల వంచుకునేవాడు. పనిలో పడితే మాత్రం ఆమెని పేరు పెట్టి పిలవడు. "చిన్న మేస్త్రీ, పానా అందుకో. చిన్న మేస్త్రీ, దీపం ఇటు." ఆమె పెళ్లయ్యాక అల్లుడి ముందూ అదే పిలుపు.

ఒకసారి ఒక పంతులమ్మ ఇలాంటి మిషనే బండి మీద వేసుకొచ్చింది. తిరిగితే గెంతుతోందని. అప్పటికి నాన్న అలాంటిది విప్పి ఎరగడు. రెండు రోజులు మొత్తం ఊడదీశాడు, మళ్లీ బిగించాడు. అదే గెంతు. మూడో రోజు వెనక దుమ్ము తుడుస్తూ ఆమే అడిగింది, "నాన్నా, ఈ నాలుగు బోల్టులూ లోపలికెళ్లి డ్రమ్ముని పట్టుకున్నాయి, దేనికి?"

నాన్న తడిమి చూశాడు. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "లారీలో డ్రమ్ము ఊగకుండా కంపెనీవాడు బిగించినవే ఇవి! ఇంటికొచ్చాక విప్పెయ్యాలి. కాళ్లు కట్టేసి పరిగెత్తమంటే గెంతక ఏం చేస్తుంది పాపం!"

అమ్మ పక్కకి పిలిచి, బేరింగు పోతే మార్చామని చెప్పి డబ్బులు అడగమంది. నాన్న పంతులమ్మకి నాలుగు బోల్టులూ చేతిలో పోసి చూపించాడు. "విప్పింది ఇవేనమ్మా. అదీ మా చిన్న మేస్త్రీ కనిపెట్టింది." పైసా పుచ్చుకోలేదు. "తండ్రీకూతుళ్లు రెండు రోజుల కూలీ నాలుగు బోల్టుల్లో పోసొచ్చారు," అని అమ్మ వారం పాటు సాధించింది. అమ్మ అటు తిరగ్గానే నాన్న కన్నుగీటేవాడు.

ఇప్పుడు అడుగుదామంటే ఆ నాన్న లేడు.

పాపని మొగుడికి అందించి ఆమె మిషను తలుపు తీసింది. ఎడమ చేత్తో డ్రమ్ముని పైకి నెట్టింది. కదల్లేదు. పక్కన ఎవరో కొనుక్కుని ఉంచిన మిషను తలుపు తీసి దాన్నీ నెట్టింది. అది ఉయ్యాలలా ఊగింది. వంగి ఈ మిషను వెనక చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మొగుడి చెవిలో సంగతి చెప్పింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "నోరు మెదపకు! కొనేద్దాం. మిగిలిన దాంతో ఆ అరలో మిక్సీ కూడా." అప్పుడే మిక్సీ డబ్బా రెండో చంకలో పెట్టేశాడు. ఇంట్లో మిక్సీకి మూత నిలవదు, ఒక మనిషి గట్టిగా నొక్కిపట్టాలి.

"తీసుకుంటాం," అన్నాడు కొట్టాయనతో.

ఆయన పాప వంక చూశాడు. పచ్చ చీటీ వంక చూశాడు. మెడ గోక్కున్నాడు. "అమ్ముకునేవాణ్ని, నేను చెప్పకూడదు. కానీ పాకే పిల్లతో ఇది వద్దు చెల్లెమ్మా. చెయ్యో కాలో దీని కింద పడితే నాకు అన్నం సహించదు. ఇంకో నెల ఆగండి, మంచిదొస్తే కబురు పెడతా."

కండక్టరు ఆమె వంక కళ్లెర్రజేశాడు. ఆమె చూపు నేల మీదికి దించుకుంది. మణికట్టు సలుపుతోంది. నోరు మూసుకుంటే ఒక్క నిమిషంలో అయిపోతుంది. కానీ ఆ మనిషి తన బేరం తనే చెడగొట్టుకుంటున్నాడు, ఆమె పాప కోసం.

"అన్నా, పానా ఉందా?" అంది.

నాలుగు బోల్టులూ విప్పడానికి పావుగంట పట్టింది. కుడి చెయ్యి మొరాయిస్తే పాపని తనెత్తుకుంది, మొగుడే తిప్పాడు, గొణుక్కుంటూ. మళ్లీ ఆన్ చేశారు. వేగం అందుకుంది. గుంయ్‌మంది. నిలబడ్డచోట నిలబడింది.

కొట్టాయన నోరు తెరిచి చూశాడు. "కొన్నాక విప్పుకోవచ్చుగా తల్లీ! నాకెందుకు చెప్పావు?" అన్నాడు. కాసేపటికి ఆయనలోని వ్యాపారి తేరుకున్నాడు. "ఇప్పుడు ఇది గెంతదుగా మరి," అంటూ ధర పెంచాడు. ఆమె దించింది. ఆయన మళ్లీ పెంచాడు. చివరికి తేలింది పచ్చ చీటీ ధరా కాదు, కొత్తదాని ధరా కాదు, ఆ మధ్యది. ఎర్ర అక్షరాలు మాత్రం ఆయనే కొట్టేశాడు.

ఇక మిగిలిందేమీ లేదు. మిక్సీ డబ్బా ఆమే తీసినచోట పెట్టేసింది.

దారంతా కండక్టరు మొహం అటు తిప్పుకునే ఉన్నాడు. ఇంటికొచ్చి పాప గుడ్డలు మిషనులో వేశాక కూడా ఇటు తిప్పలేదు. పాప పాక్కుంటూ వెళ్లి, గుండ్రటి అద్దంలో తన చొక్కా తిరగడం చూసింది. మిషను పట్టుకుని లేచి నిలబడింది. ఆమె పరుగున వెళ్లబోయి ఆగింది. మిషను కదల్లేదు. పాపా పడలేదు.

ఆమె బోల్టులు తుడిచి పౌడరు డబ్బాలో వేసింది.

"అవెందుకింకా?"

"ఇల్లు మారితే మళ్లీ బిగించాలి. వెళ్లాక మళ్లీ విప్పాలి."

ఆయన అద్దం వెనక తిరుగుతున్న గుడ్డల వంక చూశాడు. తర్వాత వంటగదిలోకి నడిచి, పాత మిక్సీ మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"స్విచ్చి వెయ్యి, చిన్న మేస్త్రీ. నేను పట్టుకున్నాలే."