మొహమాటపు సరుకు

సబ్బుబిళ్లలు సంచిలో సర్దుకుంటుండగా సబ్బులాయనకు కంపెనీ మేనేజరు గదిలోంచి పిలుపు వచ్చింది. ఆ పేరు కొట్లవాళ్లు పెట్టింది. ఇప్పుడు ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది. అరిగిన మడమల చెప్పులు, ఎంత కడిగినా వేళ్లకు పోని సబ్బు వాసన.

మేనేజరు కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. అందులో సబ్బులాయన తిరిగే ఊరికే ఉత్తుత్తి నకలు, కొట్లన్నీ చుక్కలు. కంప్యూటరు ఆడించే ఒక ఆటలో సబ్బులాయనలాంటి మనిషి కొట్టుకొట్టుకూ తిరిగి సరుకు అంటగడతాడు. రెండో ఆటలో ఎవరూ తిరగరు. ప్రకటనలు చూసిన జనమే వచ్చి సబ్బు అడుగుతారు. ఎన్నిసార్లు ఆడించినా రెండోదే గెలిచింది.

"ఈ ఎర్ర చుక్క మా బావ కొట్టు కదండీ. ఎర్రగా ఉందేం?"

"సరుకు పేరుకుపోయింది. మీరు నొచ్చుకుంటారని మొహమాటానికి తీసుకుంటున్నాడట. మనం కొట్లకు పంపిన సర్వే అమ్మాయితో ఆయనే చెప్పాడు. వచ్చే నెల నుంచి కొట్లు తిరిగే మీ లైను తీసేస్తున్నామండీ, ఇక మీ ఉద్యోగం ఉండదు."

చుట్టరికం లేకపోయినా సరదాగా మొదలై నిలిచిపోయిన 'బావ' పిలుపు అది. 'మావాడేనమ్మా, నా గురించి బాగా చెప్తాడు' అంటూ ఆ అమ్మాయిని కొట్టుకు తీసుకెళ్లింది సబ్బులాయనే. కొరివితో తల గోక్కున్నాడు.

మధ్యాహ్నం బావ కొట్టుకు వెళ్లి, తనకోసం వేసి ఉంచే కుంటి బల్ల మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే "రెండు పెట్టెలు దింపనా?" అని తనే అనేవాడు. ఇవాళ సంచి తెరవలేదు. బావ నోరు తెరిచి ఒక్క పెట్టె అడిగితే చాలు, ఆ కంప్యూటరు చెప్పింది అబద్ధమనుకుని హాయిగా పోవచ్చు.

బావ టీ తెప్పించాడు. వాన గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాడు. ఇంతలో ఒకావిడ వచ్చి సబ్బు అడిగింది. బావ అలవాటుగా చెయ్యి చాచి వేరే కంపెనీ సబ్బు తీసిచ్చాడు. ఆ తరవాత నాలుక కరుచుకున్నాడు.

"వద్దని నాతో అనుండాల్సింది బావా," అన్నాడు సబ్బులాయన.

బావ త్రాసు పళ్లెం తుడవడం మొదలెట్టాడు. "నువ్వు ఎదురుగా కూర్చుంటే ఎలా అనను? నోరు రాదు."

"పరాయి పిల్ల దగ్గర వచ్చిందిగా."

టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఉద్యోగం పోయిందన్న దిగులు ఇంకా మొదలే కాలేదు. ఇన్నాళ్లూ స్నేహమనుకున్నది మొహమాటమా అన్నదే తొలుస్తోంది. మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

కొన్నాళ్లు ఎదురుచూసి బావ బల్లను లోపలికి తీసేశాడు. దాని పొట్టికాలి కింద ఎత్తుకోసం సబ్బులాయన ఎప్పుడో పెట్టిన సబ్బుబిళ్ల, కాగితమైనా విప్పకుండా, నేల మీద అలాగే ఉంది.