గొడుగు మాస్టారి మాటలు

పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో వెనక గది ఆమెది. ముందు గదిలో పేషెంట్లు నోరు తెరుచుకుని కూర్చుంటే, వెనక గదిలో ఆమె వాళ్ళ నోటి అచ్చులు బల్ల మీద పెట్టుకుని కట్టుడు పళ్ళు తయారు చేసేది. సన్నటి కత్తిని మంట మీద వేడిచేసి, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకునేది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఎంతమంది తను చేసిన పళ్ళతో నవ్వుతున్నారో ఆమెకే తెలియదు. వాళ్ళలో ఒక్కరి మొహమూ చూసి ఎరగదు.

పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఒక్కొక్కరే పోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కతే మిగిలింది. తోడుగా పాత నవలలు ఉన్నాయి. అవి చదివేవాళ్ళ గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉందని తెలిసి, మూడేళ్ళ క్రితం అందులో చేరింది. అక్కడ ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు. ఈమె ‘పింగాణి’ అని పెట్టుకుంది.

ప్రతి ఆదివారం నాలుగు గంటలకు ఆట. ఒకరు ఒక మాట వేస్తారు. పది లెక్కపెట్టేలోగా, తర్వాతివారు తమకు ముందుగా తోచిన మాట వేయాలి. ఆలోచించకూడదు. పాత నవలల పిచ్చివాళ్ళు కదా, ‘కిటికీ’ అన్నా ‘రైలు’ అన్నా నాలుగో మాటకల్లా ఏడుపులోకి దిగేవారు. చూసి చూసి, గ్రూపు నడిపే లైబ్రేరియన్ గారు ఒక నియమం పెట్టారు: ‘కన్నీళ్ళు, విరహం, క్షయ, ఈ మూడు మాటలూ నిషేధం.’

పింగాణి తర్వాత వంతు గొడుగు మాస్టారిది. ‘గొడుగు’ అని పేరు పెట్టుకున్న రిటైరైన లెక్కల మాస్టారు. ఒకసారి ‘కుర్చీ’ అన్న మాట వస్తే పింగాణి ‘ఖాళీ’ అని వేసింది. మాస్టారు ‘అయితే వచ్చి కూర్చోనా?’ అని రాశారు. ఒక్క మాటే వేయాలన్న నియమం తప్పినందుకు లైబ్రేరియన్ గారు ఆయన్ని రెండు వారాలు ఆటలోంచి తీసేశారు. ఆ రెండు వారాలూ ఊరికే ఉండలేక ఆయన పింగాణికి విడిగా ఒక మాట పంపారు. ఈమె జవాబు పంపింది. అప్పట్నుంచి రోజూ పదకొండు గంటలకు, ఆమె టీ తాగే వేళకు, ఇటునుంచి ఒక మాట, అటునుంచి ఒక మాట. అంతకు మించి ఏమీ లేదు. ఆయన ఊరేదో, ఇంటిపేరేదో ఆమె అడగలేదు. బస్సులో వెళ్తున్నా, కూరలు కొంటున్నా ‘ఈ మాట మాస్టారికి పంపాలి’ అనుకుని దాచుకునేది.

ఈమధ్య మాస్టారి జవాబులు ఎందుకో మారాయి. ‘తెల్లవారుజాము’ అంటే ‘క్యారేజీలు’ అన్నారు. ‘చేతులు’ అంటే ‘సబ్బు నురగ’. ‘ఆదివారం’ అంటే ‘దుప్పట్లు’. పింగాణికి కోపం వచ్చింది. ఆ వయసులో మనిషి చేత ఎవరో కోడలు ఇంటెడు చాకిరీ చేయిస్తోందన్నమాట! ఉండబట్టలేక, మొదటిసారి ఆట దాటి రాసింది: ‘మీ కోడలు మీ చేత గిన్నెలు తోమిస్తోందా మాస్టారూ? నిజం చెప్పండి.’

జవాబు రాలేదు. నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

“పింగాణి గారేనా అండీ?” ఆడగొంతు. “నేను... గిన్నెలు తోమించే కోడల్ని.”

పింగాణి చేతిలోని కత్తి బల్ల మీద పెట్టేసింది.

“మామయ్యగారు లేరండి. పోయి పద్నాలుగు నెలలైంది.”

“మరి రోజూ మాటలు...”

“నేనేనండి. ఆయనకి కళ్ళు సరిగా కనపడేవి కాదు. ఆయన చెప్తుంటే ఎప్పుడూ నేనే టైపు చేసేదాన్ని. పోయిన మర్నాడు మీ దగ్గర్నుంచి ‘నూలు’ అని వచ్చింది. ఆయన లేరని రాద్దామనే ఫోన్ తీశాను. చెయ్యి రాలేదు. ‘సూది’ అని పెట్టాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను.”

“పద్నాలుగు నెలలు అనుకున్నారా?”

“మా ఇంట్లో ఏం వండావని అడుగుతారండీ, ఏం తోచిందని ఎవరూ అడగరు. అందుకే ఆపలేకపోయాను. తప్పే. తిట్టండి.”

పింగాణి తిట్టలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం ఒక సెట్టులో ముందు పన్ను వంకరగా నిలబెట్టింది. డాక్టరు గారు చూసి, “ఏమ్మా, ఒంట్లో బాలేదా?” అన్నారు.

“తెలిసినాయన పోయారండి.”

“అయ్యో. ఎప్పుడు?”

“కిందటేడు.”

డాక్టరు గారు పన్ను సరిచేయమని చెప్పి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళి ఫోన్‌లో పాత మాటలన్నీ మొదట్నుంచీ చదివింది. ఎక్కడ ఆయన ఆగారో, ఎక్కడ కోడలు మొదలైందో కనిపెడదామనుకుంది. ‘సూది’ దగ్గర తెలిసింది గాని, దాని ముందూ వెనకా పెద్ద తేడా ఏమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మనిషి పోయినా తనకు తెలియలేదు. ఆయన లేని లోటు ఒక్క రోజు కూడా తనకు తగల్లేదు.

ఆ ఆదివారం గ్రూపులో కోడలే, ఆటలోనూ ఆయన వంతు తనే వేశానని, జరిగినదంతా రాసింది. కొందరు అయ్యో అన్నారు. ఒకాయన ‘ఇది మోసం’ అని రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. లైబ్రేరియన్ గారు ఆ రోజు ఆట ఆపేశారు. పింగాణి మూడు రోజులు ఆలోచించి కోడలికి ఫోన్ చేసింది.

“ఆయన ఎలా పోయారో నాకెవరూ చెప్పలేదు. మీరు చెప్పాలి.”

ఇద్దరిదీ ఒకే ఊరని అప్పుడు తెలిసింది. పెద్ద ఆసుపత్రి ఎదురుగా ఉన్న పార్కులో కలుసుకున్నారు. కోడలికి నలభై దాటి ఉంటాయి. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకెళ్ళాలని ముందే చెప్పింది. ఫోన్‌లో చకచకా మాటలు విసురుకున్న ఇద్దరూ బెంచీ మీద కూర్చుని చెట్లకేసి చూశారు.

చివరికి కోడలు ఫోన్ తీసి ఫోటో చూపించింది. బక్కగా, పొట్టిగా ఉన్న ముసలాయన, కుర్చీలో కాళ్ళు నేలకందకుండా కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

“ఇంత పొట్టివారా!” అంది పింగాణి. “నేను ఆరడుగుల మనిషనుకున్నాను.”

“చెప్తే పొంగిపోయేవారు,” అని కోడలు నవ్వింది. తర్వాత తనే చెప్పింది. “పొద్దున కాఫీ తాగారు. పేపరు చదివి వినిపించమన్నారు. రెండో పేజీ చదువుతుండగా నన్ను ఆపారు. ఏదో అన్నారు గాని మాట స్పష్టంగా రాలేదు. మంచినీళ్ళు కాబోలనుకుని తెచ్చాను. అప్పటికే...”

“ఏమన్నారో ఒక్క అక్షరమైనా...”

“లేదండీ. ఎంత గుర్తుచేసుకున్నా లేదు.”

పింగాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. కోడలు కూడా ఏడ్చింది. “మా ఇంట్లో ఏడుపులు ఎప్పుడో అయిపోయాయండీ,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ఇప్పుడు ఏడిస్తే ఏమైందని కంగారుపడతారు.”

స్కూలు వదిలే వేళైంది. కోడలు లేచి, “మళ్ళీ మాటలు పంపుతారా?” అని అడిగింది.

“ఏమోనమ్మా, తెలీదు. కొన్నాళ్ళు పోనీ,” అంది పింగాణి. “ఇప్పుడు పంపితే అది ఎవరికి పంపినట్టో నాకే తెలియడం లేదు.”

కోడలు తలూపి, గబగబా గేటు వైపు నడిచింది.

పింగాణి కాసేపు అక్కడే కూర్చుని, తర్వాత బస్సెక్కింది. సీటు దొరికింది. ఆ పొట్టి మనిషిని కళ్ళముందు నిలుపుకోవాలని ప్రయత్నిస్తూ, తను దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాక గాని చూసుకోలేదు. దిగి, వెనక్కి నడిచింది.