దుంపల చేలో చల్లారని టాంకు

వారానికోసారి పొద్దున్నే మా ఊరి ఆడవాళ్లు పిండి తొట్లు చంకనెత్తుకుని బీట్ దుంపల చేలోకి వెళ్తారు. అక్కడ యుద్ధం నాటి ఫిరంగి టాంకు ఉంది. పంతొమ్మిది వందల నలభై మూడు జూలైలో తగలబడింది, ఇంకా చల్లారలేదు. దాని వీపు మీద పెడితే రొట్టె పిండి ఇట్టే పొంగుతుంది, తడిసిన ఊలు బూట్లు ఆరతాయి. మంచు దాని మీద నిలవదు కాబట్టి చలికాలమంతా కోళ్ల కాపురం దాని కిందే. పాత ఇనుము పోగేసేవాళ్లు ఒకసారి లారీ తెచ్చారు. చెయ్యి ఆనించి చూసి, "చల్లారాక వస్తాం" అని వెళ్లిపోయారు. పద్ధతైన మనుషులు. ఇంకా ఎదురుచూస్తూనే ఉండి ఉంటారు.

అందులో కాలిపోయినవాళ్లెవరో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఆ టాంకుకి ఇద్దరు పెళ్లాలు, పెలగేయ, అగ్రఫేన. ఇద్దరి మొగుళ్లూ యుద్ధానికి ముందు ట్రాక్టరు తోలేవాళ్లు. ట్రాక్టరు తోలేవాణ్ని సైన్యం తీసుకెళ్లి టాంకులో కూర్చోబెడుతుంది. ఇద్దరి గురించీ "ఆచూకీ లేదు" అన్న కబురు తప్ప ఇంకేమీ రాలేదు.

"నీ తొట్టి తియ్యవే అగ్రఫేనా. అది మా ఆయన భుజం."

"మీ ఆయన లెనిన్‌గ్రాద్ వైపు కదే వెళ్లాడు? తాగి దారి తప్పి ఇక్కడిదాకా తోలుకొచ్చాడా?"

"దారి తప్పేది మీ ఆయనే. పెళ్లినాడు మీ ఇల్లనుకుని మా ఇంటికొచ్చి కూర్చోలేదూ?"

అది మాత్రం నిజం. ఊరంతా చూసింది.

ఇద్దరికీ ఒక్కొక్క కొడుకు. పెలగేయ కొడుకు తీఖన్, అగ్రఫేన కొడుకు ఫ్రోల్. కొడుకులు ఊరు దాటి పోకూడదని ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ట్రాక్టరు తోలడం వచ్చినవాణ్ని ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రం వదలదు కదా అని, కుర్రాళ్లిద్దరికీ ట్రాక్టరు నేర్పించారు. మొగుళ్లు ఎలా పోయారో తెలిసిన ఆడవాళ్లే చేసిన పని ఇది. మా ఊళ్లో తెలివికి కొదవలేదు, అది వచ్చే వేళే సరిగా ఉండదు.

యాభై ఐదులో శరదృతువు రాగానే సైన్యం నుంచి పిలుపొచ్చింది. టాంకు దళానికి మా ఊరి నుంచి ఒక్కడు కావాలి. చాళ్లు తిన్నగా వేసేది తీఖన్ కాబట్టి అతని పేరు రాశారు. ఫ్రోల్‌ని రైలు పట్టాలు వేసే పనికి వేశారు. మూడేళ్లు పట్టాలు మోసి, బలిసి తిరిగొస్తాడు.

పెలగేయ క్షేత్రం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లింది. ఆయన అప్పుడే ఎవరో ఇచ్చిన క్యాబేజీ రొట్టె తింటున్నాడు. ఆయన ఎప్పుడూ అప్పుడే ఎవరో ఇచ్చింది తింటూ ఉంటాడు.

"టాంకు దళమంటే గౌరవం పెలగేయా," అన్నాడు.

"మా ఇంటికి ఆ గౌరవం ఒకసారి దక్కిందయ్యా. చేలో ఉంది, చూసుకో," అంది పెలగేయ.

వెళ్లే రోజు పొద్దున తీఖన్ చేలోకి పోయి, తండ్రికి చెప్పి వెళ్దామని టాంకు మీద కుడి అరచెయ్యి పెట్టాడు. చుయ్‌మంది. చర్మం ఇనుముకి అతుక్కుపోయింది. అంతవరకూ కోడిపిల్ల కాలు కూడా కాల్చని టాంకు అది. పక్కనే ఉన్న తొట్లలో పిండి మామూలుగానే పొంగుతోంది.

పట్నంలో డాక్టరమ్మ ఆ చెయ్యి చూసింది.

"దేనివల్ల కాలింది?"

"టాంకు వల్ల."

"ఎవరి టాంకు?"

"మా నాన్నది."

ఆవిడ తల ఊపి రాసుకుంది. పక్కనున్న సైనికాధికారి ముందుకు వంగాడు. "కావాలని కాల్చుకున్నాడా?"

"వీడు కాల్చుకోలేదు. తండ్రి కాల్చాడు," అంది ఆవిడ.

ఆ అధికారికీ ఒకప్పుడు తండ్రి ఉండేవాడు కాబోలు, తీఖన్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. కానీ లెక్క లెక్కే. "అయితే ఆ ఊళ్లో రెండో ట్రాక్టరువాణ్ని వెయ్యండి," అన్నాడు.

ఫ్రోల్‌ని తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. అగ్రఫేన కొడుకు చొక్కా చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయింది. ఎవరిదో తొట్టి కింద పడేసి, వాడి అరచేతిని ఇనుముకి ఆనించి, పైన తన రెండు చేతులూ పెట్టి అదిమింది.

"అమ్మా, వేడిగా లేదే."

"గట్టిగా పట్టరా!"

వీపు మీద పెట్టించింది, చక్రాల గొలుసు మీద పెట్టించింది, ఫిరంగి గొట్టం మీద పెట్టించింది. ఎక్కడ చూసినా పిండి పొంగేంత వెచ్చదనం, అంతే. ఊరంతా నిలబడి చూస్తోంది. పెలగేయా ఉంది. ఆ రోజు ఎవరూ ఎవర్నీ ఎగతాళి చేయలేదు.

"కాల్చవయ్యా," అంది అగ్రఫేన టాంకుతో. "ఎవరి మొగుడివైతేనేం, ఒక్కసారి కాల్చు."

లారీ హారను కొట్టింది.

మరుసటి శరదృతువులో బుడాపెస్ట్‌లో జనం తిరగబడితే అణచడానికి టాంకులు పంపారు. అక్కడ ఒక వీధిలో, ఎవరో కిటికీలోంచి ఫ్రోల్ టాంకు మీదికి మండే పెట్రోలు సీసా విసిరారు. ఫ్రోల్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు.

కబురు వచ్చిన వారానికి అగ్రఫేన పెలగేయ ఇంటికొచ్చింది. తీఖన్ మచ్చల చెయ్యి బల్ల కిందికి దాచుకున్నాడు. కూర్చోమంటే ఆవిడ కూర్చోలేదు.

"ఆ వీధిలో ఆడవాళ్లు మావాడి మీద పిండి పెట్టుకోరు కదే," అంది. "ఉమ్మేస్తారు కదూ?"

"ఉమ్మరు," అంది పెలగేయ.

"ఉమ్మరత్తా," అన్నాడు తీఖన్.

అగ్రఫేన వాడి మొహం చాలాసేపు చూసింది.

"నీ చెవులు ఎర్రబడ్డాయిరా," అంది. "అబద్ధమాడితే మీ నాన్నకీ అంతే." తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.