ఒక రాకకు ఒకే జబ్బు

మాత్రల కోసం బల్ల మీద కూర్చున్న అక్క కూర్చున్నట్టే ఒరిగిపోయింది. చెల్లెలు పట్టుకునేలోపే ప్రాణం పోయింది. డాక్టరు గది ముందున్న నూలు మిల్లు ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.

అక్కకు మోకాళ్ల నొప్పి, గుండెలో మంట రెండూ ఉన్నాయి. గోడ మీదేమో ఎర్రక్షరాలు: ఒక రాకకు ఒకే జబ్బు. నిలబడితేనే కూలి గనుక అక్క మోకాళ్ల సంగతే చెప్పుకుంది. గుండె సంగతి వచ్చేవారం చూద్దామనుకుంది, పిచ్చిది!

"నీ చేతులు పడిపోనూ! మనిషిని ముక్కలు చేసి చూస్తావటే?"

చెల్లెలు ఇటుక విసిరింది. డాక్టరమ్మ నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారింది. జనం లోపలికి విరుచుకుపడ్డారు. మందుల బీరువా కూల్చారు. కాంపౌండరును ఈడ్చి తన్నారు, పాపం వాడేం చేశాడని!

"నన్ను చంపితే రేపు మీకెవరున్నారే?" డాక్టరమ్మ గోడకు చేరగిలబడి అరిచింది. "సర్కారు బీమా ఒక రాకకు ఒక్క జబ్బుకే డబ్బిస్తుంది. అదీ దూదికి చాలదు. చుట్టుపక్కల డాక్టర్లంతా తలుపులు మూసుకుపోయారు. నేను మూయలేక గోడ మీద అది రాశాను."

"రాసిన చెయ్యి నీదే కదా!"

"నాదే. వాళ్లతో కొట్లాడాల్సింది పోయి మీ నోళ్లు నొక్కాను."

చెల్లెలి చేతిలో రెండో ఇటుక అలాగే ఉండిపోయింది. ఈమెను చంపితే అక్క రాదు, పేటకున్న ఒక్క డాక్టరూ పోతుంది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

"పెద్దాసుపత్రిలో గుండె కోస్తే బీమా మూటలిస్తుంది, ఇక్కడ గుండె చూస్తే చిల్లరా?" మిల్లులో అందరికన్నా పెద్దదైన ముసలామె ఉమ్మేసింది. "ఆ రేట్లు పెట్టినోడెక్కడే?"

"బీమా ఆఫీసులో," అంది డాక్టరమ్మ.

శవాన్ని ఆ బల్ల మీదే మోసుకుని నడిచారు. తలకు గుడ్డ చుట్టుకుని డాక్టరమ్మ కూడా బల్లకు ఒక కాలు పట్టింది. ఆఫీసు గేటుకు అడ్డంగా పోలీసులు నిలబడ్డారు. మేడమీది కిటికీలోంచి అధికారి అన్నాడు:

"ఒక్కరే లోపలికొచ్చి చెప్పుకోండి."

"ఒక్కొక్కళ్లం వచ్చే చచ్చాం! అందరం వస్తాం!"

లాఠీలు లేచాయి. ముసలామె తల పగిలింది. చెల్లెలి చెయ్యి పుటుక్కున విరిగింది. బల్ల ఒరిగి శవం నేలబడితే దాని మీద దెబ్బ పడకుండా ఆడవాళ్లు వీపులు అడ్డం పెట్టారు.

ఇన్‌స్పెక్టరు డాక్టరమ్మను పక్కకు లాగాడు. "మీరు చదువుకున్నవారు. మీ తల పగలగొట్టిందెవరో చూపించండి, ఇప్పుడే ఇంటికి పంపిస్తా."

చెల్లెలు డాక్టరమ్మ వంకే చూసింది.

డాక్టరమ్మ చెయ్యెత్తి మేడమీది కిటికీని చూపించింది.

ఆమెను జుట్టు పట్టి వ్యానెక్కించారు. విరిగిన చెయ్యి గుండెకు అదుముకుని చెల్లెలు వెళ్లి చక్రాల ముందు పడుకుంది. ఆమె పక్కన మిల్లు మొత్తం పడుకుంది.