కట్టెల సాకు

రెండు కట్టెలతో ఉడికే కూరకి ఆమె నాలుగు కట్టెలు పెడుతుంది. మంట ఎగిసి గిన్నె నల్లబడుతుంది, వంటిల్లంతా ఉక్కపోస్తుంది, అయినా ఇంకో కట్టె లోపలికి తోస్తుంది. నీళ్లు తెర్లిపోతున్నా పొయ్యి ఆర్పదు. "ఇది వండుతోందా, ఇల్లు తగలబెడుతోందా?" అని వసారాలో మోకాళ్లకి నూనె రాసుకుంటూ అత్తగారు రోజూ అడుగుతూనే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఇలా ఉండేది కాదు, ఒద్దికగానే వండేది. ఈ దుబారా తర్వాత నేర్చుకుంది.

ఎందుకంటే కట్టెలు అయిపోతే అడవికి వెళ్లాలి. పెరటి కంచె దాటితే అన్నీ చెట్లే. తాడు భుజాన వేసుకుని, కొడవలి చేత పట్టుకుని బయల్దేరిన ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. ఎండుపుల్లలు ఏరి మోపు కట్టడం ఆమెకి చిటికెలో పని. ఆ తర్వాత గాలికి కూలిపోయిన ఓ పెద్ద మాను మీద కూర్చుంటుంది. జుట్టు విప్పుకుంటుంది, కాళ్లు చాపుకుంటుంది. అంతే! ఏడవడానికా అంటే కాదు, ఆ ఏడుపేదో ఇంట్లోనే ఉల్లిపాయలు తరుగుతూ కానిచ్చేస్తుంది. పాటలు పాడుకోవడానికీ కాదు, దేవుణ్ణి తలుచుకోవడానికీ కాదు. అక్కడ ఎవరూ పిలవరు, అదీ సంగతి. ఇంట్లో లేచిన దగ్గర్నుంచీ "ఏమేవ్", "అమ్మాయ్", "అమ్మా" అంటూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, ఆమె "ఆ, వస్తున్నా" అంటూనే ఉంటుంది.

అలాగని ఆ ఇంట్లో సంతోషాలు లేవనుకునేరు! బోలెడున్నాయి. పొద్దున్నే ఆకుల సందుల్లోంచి వంటింటి గట్టు మీద పడే ఎండ, కోడి గడ్డిలో దాచుకున్న గుడ్డు దొరికినప్పుడు కూతురు పెట్టే కేక, చలిలో వేన్నీళ్ల మీద లేచే ఆవిరి. సెలవులకి వచ్చిన ఆడపడుచు ఇవన్నీ చూసి "బతుకంటే మీది వదినా! మాకెక్కడివి ఇలాంటివి?" అని మురిసిపోయింది. ఆ వేన్నీళ్లు తలారా పోసుకుని, కడుపునిండా తిని, పోతూ పోతూ తేనె సీసా పట్టుకెళ్లింది. ఆ గట్టు అలికేదెవరు, కోళ్లని గంప కింద కమ్మేదెవరు, నీళ్లు బావి నుంచి మోసేదెవరు అని ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. చెబితే మాత్రం ఏం ఒరుగుతుంది? "ఆ మాత్రం పని ఎవరింట్లో లేదు!" అంటారు. ఆమెకి ఆ సంతోషాలంటే ఇష్టమే. కాకపోతే వాటికి అవతల కాసేపు కూర్చోవాలి, అప్పుడే ఇష్టంగా ఉంటాయి.

ఒకరోజు భర్త మిల్లు వ్యానులో దిగాడు. అతను దగ్గర్లోని కలప కోతమిల్లులో మేస్త్రీ. వెనకాలే కొత్త స్టవ్వు, గ్యాస్ బండ దిగాయి. "కట్టెలు మోయలేక కోడలు చచ్చిపోతోందిరా అని అమ్మ ఒకటే గొడవ. ఇంక నీకా బాధ లేదు, సంతోషమేనా?" అన్నాడు మొహం ఇంత చేసుకుని.

ఆమె ఆ బండకేసి చూసింది. అన్నేసి కట్టెలు తగలేసి తన గొయ్యి తనే తవ్వుకుంది మరి! "ఇప్పుడంత అవసరమా అండీ?" అంది నసుగుతూ.

"చూశావా అమ్మా, మంచి చేసినా తప్పే!" అన్నాడతను. పోనీ తాగుతాడా, కొడతాడా, అదీ లేదు. పొగ లేని వంటిల్లు తెచ్చిపెట్టిన మొగుడి మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది? నా పొగ నాకిచ్చెయ్ అంటుందా? తాడు అటక ఎక్కింది.

మిగిలిన ఆ కాస్త పొద్దూ ఆమెకి దక్కిందా అంటే, రామరామ! "ఎలాగూ ఖాళీయేగా" అని మిల్లు ఓనరుకీ గుమాస్తాకీ మధ్యాహ్నం భోజనం ఇక్కడే అని చెప్పేశాడు భర్త. "ఎలాగూ ఖాళీయేగా" అని అత్తగారు కాళ్లు చాపింది. ఆమె దొడ్లోకి వెళ్లి మరుగుదొడ్డి తలుపు గడియ పెట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. ఆ కంపులోనే కళ్లు మూసుకునేది. అక్కడికీ పిలుపులొచ్చేవి. "అమ్మాయ్, లోపల నిద్రపోయావా ఏంటి?"

అలా ఓ సాయంత్రం గోడకి తల ఆనించి నిలబడి ఉంది. "అమ్మా! అమ్మా! ఇటు చూడు!" అంటూ కూతురు తలుపు దబదబా బాదింది. ఆమె తలుపు తీసింది. ఏమిటని అడగలేదు, చెంప మీద లాగి ఒక్కటిచ్చింది. పిల్ల గుప్పిట్లోంచి చిన్నదేదో కింద పడింది. పాలపన్ను. ఊడిందని చూపించడానికి పరిగెత్తుకొచ్చింది పాపం! "నేనేం చేశానమ్మా?" అంది పన్ను పోయిన చోట నాలుక పెట్టుకుని. ఆమె పిల్లని ఒళ్లోకి లాక్కుంది, ముద్దులు పెట్టింది, కింద పడ్డ పన్ను ఏరి పిల్ల చేతిలో పెట్టింది.

మర్నాడు మిల్లు నుంచి భోజనానికి వచ్చినవాళ్లు తిని వెళ్లారు. అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, ఆమె చెప్పులేసుకుంది. వసారాలో అత్తగారు మంచం మీద పడుకుని ఉంది. కూతురు నాయనమ్మ కాళ్లు పిసుకుతోంది.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"అడవిలోకి."

"గ్యాసుండగా కట్టెలెందుకు?"

"కట్టెలకి కాదు."

"మరెందుకూ?"

"ఊరికే."

అత్తగారు కేకలేస్తుందనుకుంది. ఆవిడ లేచి కూర్చుంది, అంతే. "నువ్వు కావాలనే కట్టెలు తగలేస్తున్నావని నాకు తెలీదనుకున్నావా?" అంది మెల్లిగా. "నాకూ ఓ ఆవుండేది. సాయంత్రం ఇంటికి రాకుండా తప్పిపోతుండేది. తప్పిపోవడమేంటి నా మొహం, నేనే దాని తాడు వదులు చేసేదాన్ని. మరి వెతుక్కురావాలిగా! వాగు దాకా పోయి కూర్చునేదాన్ని. మా అత్త కనిపెట్టేసింది. ఆవుని అమ్మించేసింది."

"అన్నీ తెలిసీ గ్యాసు ఎందుకు తెప్పించారత్తయ్యా?" అంది ఆమె.

"నాకు లేకుండా పోయినది నీకెందుకుండాలి అనిపించింది." ఆవిడ తల దించుకోలేదు. "ఆవు పోయాక ఏం చేస్తాను? కోడలొచ్చేదాకా కాచుకున్నాను."

మండిపడాలి నిజానికి. ఆ ముసలామె మీద కసి తీరా అరవాలి. కానీ ఆమె చూపు కూతురి చెంప మీదికి పోయింది. అత్తగారు పాపం కోడలొచ్చేదాకా ఆగింది. తను అంతదాకా కూడా ఆగలేదు.

వంగి కూతురి చేతులు ఆ కాళ్ల మీంచి తీసింది. "పో, వెళ్లి ఆడుకో."

"నేనూ రానా అమ్మా?"

"వద్దమ్మా. నేనొక్కదాన్నే వెళ్లాలి. వచ్చేస్తాను."

మెట్లు దిగి, అత్తగారి వైపు తిరిగింది. "రేపూ వెళ్తాను అత్తయ్యా, ఎల్లుండీ వెళ్తాను. మీ అబ్బాయి అడిగితే ఊరికే వెళ్లిందని చెప్పండి. దానికి ఏ పని సాకూ అంటగట్టకండి."